కాలేయములోని మూలకణములు: మేలును, కీడును

శరీరములోని అవయవములలో కాలేయమునకు ఒక విశేషము కలదు. తెగిన వ్రేలు మరల మొలవదు. తీసివేసిన మూత్రపిండము మరల పుట్టదు. కాలేయములో సగము తీసివేసినను, మిగిలిన భాగము ఆరోగ్యముగా ఉన్నచో, కొద్ది నెలలలో దాదాపు మునుపటి పరిమాణమునకు పెరుగును. చెన్నై ఆసుపత్రులలో తండ్రికి కుమారుడు, భర్తకు భార్య తమ కాలేయములో కొంత భాగమిచ్చి క్షేమముగా ఇల్లు చేరుట నేడు వింత కాదు.

ఇంతటి శక్తి గల అవయవమునకే కాన్సరు వచ్చినపుడు చికిత్స మిక్కిలి కష్టమగుచున్నది. గడ్డను కోసి తీసినను చాలమందికి అది మరల వచ్చుచున్నది. పెరుగుట కాలేయమునకు మేలైనచో, ఆ పెరుగుటయే కీడుగా ఎట్లు మారుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము మూలకణముల శాస్త్రములో కొంతవరకు దొరకును.

ఈ శాస్త్రము పండితులకు మాత్రమే కావలసినది కాదు. "మూలకణములు ఎక్కించి చెడిన కాలేయమును బాగుచేసెదము" అను ప్రకటనలు నేడు కానవచ్చుచున్నవి. ఇంటిలో ఒకరు మంచము పట్టినపుడు, నగలు కుదువపెట్టి అయినను ఆ వైద్యము చేయింపవలెనా, మానవలెనా అని తేల్చుకొనవలసిన వారు శాస్త్రజ్ఞులు కారు, మనవంటి గృహస్థులే. కావున మూలకణమనగా ఏమి, కాలేయ కాన్సరులో దాని పాత్ర ఏమి, మనము చేయదగినదేమి అను మూడు సంగతులను వరుసగా తెలిసికొందము.

1. మూలకణమనగా ఏమి?

మన శరీరము కోట్లకొలది కణముల కూర్పు. చర్మములోని కణము, రక్తములోని కణము, కాలేయములోని కణము దేని పని దానిది. ఒక వృత్తిలో స్థిరపడిన మనుష్యుడు ఆ వృత్తినే చేసికొనునట్లు, ఈ కణములు తమకు ఏర్పడిన పనినే చేయును. ఇట్లు స్థిరపడక, రెండు శక్తులను నిలుపుకొన్న కణములు కొన్ని కలవు. అవి తమవంటి కణములను తామే పుట్టించుకొనగలవు. అవసరమైనపుడు పనిచేయు కణములుగా మారగల సంతానమును కూడ పుట్టింపగలవు. ఇవియే మూలకణములు. వరి పంటలో తినుటకు కొంత, విత్తనమునకు కొంత రైతు వేరుచేసి ఉంచునట్లు, శరీరము ఈ కణములను విత్తనముగా దాచుకొన్నదని చెప్పవచ్చును.

ఎముకలలోని మజ్జలో రక్తమును పుట్టించు మూలకణములున్నవి. రక్త కాన్సరు, తలసేమియా వంటి వ్యాధులలో దాత మజ్జలోని ఈ కణములను రోగికి ఎక్కించుట నిజముగా నిలిచిన చికిత్స. మన పొరుగున ఉన్న వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాలలో ఇది 1986 నుండి జరుగుచున్నది. మూలకణ చికిత్స అను మాటకు గౌరవము తెచ్చినది ఈ మజ్జ మార్పిడియే.

కాలేయపు సంగతి కొంత వేరు. పెద్దవారిలో కాలేయము సుమారు కిలోన్నర బరువుండును. అందులో ఎక్కువ భాగము పనిచేయు కాలేయ కణములే. రక్తములోని చక్కెరను అదుపుచేయుట, పిత్తమును తయారుచేయుట, మందులను, విషములను విరిచివేయుట, రక్తము గడ్డకట్టుటకు కావలసిన ప్రోటీనులను తయారుచేయుట ఇవి చేయు పనులు. 1931లో హిగిన్స్, ఆండర్సన్ అను పరిశోధకులు ఎలుకల కాలేయములో మూడింట రెండు వంతులు తీసివేసి, అది మరల పెరుగు విధమును వర్ణించినారు. ఆ పెరుగుదలకు ముఖ్యముగా పూనుకొన్నవి దాచిన విత్తన కణములు కావు. పనిచేయుచున్న సామాన్య కాలేయ కణములే అవసరము వచ్చినపుడు విభజనము చెందినవి. జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, మనుష్యుని వయస్సు ఇరువది అయినను ఎనుబది అయినను అతని కాలేయ కణముల సగటు వయస్సు మూడేండ్లకు లోపే. అనగా కాలేయము తనను తాను ఎల్లప్పుడు క్రొత్తగా చేసికొనుచునే ఉన్నది.

అయితే దెబ్బ మరీ తీవ్రమై సామాన్య కణములు విభజింపలేని స్థితి వచ్చినపుడు రెండవ సేన బయలుదేరును. కాలేయ కణముల నుండి వచ్చు పిత్తము చిన్న నాళములలో కలియుచోట కొన్ని సూక్ష్మ కణములు నిద్రాణముగా ఉండును. 1956లో ఎమాన్యుయేల్ ఫార్బర్, కాన్సరు కలిగించు రసాయనములను తినిపించిన ఎలుకల కాలేయములో ఇట్టి చిన్న కణములు గుంపులుగా పెరుగుటను వర్ణించి, గ్రుడ్డు ఆకారమును బట్టి వాటికి "ఓవల్ కణములు" అని పేరు పెట్టినాడు. ఇవి కాలేయ కణములుగాను, పిత్తనాళ కణములుగాను మారగల శక్తి గలవి. కాలేయపు మూలకణములకు దగ్గర బంధువులు ఇవియే.

2. మేలు కీడుగా మారు విధము

కాలేయ కాన్సరు సాధారణముగా ఆరోగ్యముగా ఉన్న కాలేయములో ఉన్నట్లుండి పుట్టదు. ముందు దీర్ఘకాలపు దెబ్బ ఉండును. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి అను క్రిములు, మద్యము, మధుమేహముతోను స్థూలకాయముతోను కాలేయములో చేరిన క్రొవ్వు, బూజు పట్టిన గింజలలోని విషము మొదలైనవి ఆ దెబ్బను కలిగించును. ఏండ్ల తరబడి కణములు చచ్చుచుండును. వాటి స్థానములో క్రొత్తవి పుట్టుచుండును. గాయము మానినచోట మచ్చ మిగులునట్లు కాలేయమంతయు మచ్చలు కట్టి గట్టిపడును. దీనినే సిరోసిస్ అందురు.

ఒక కణము రెండుగా చీలునపుడెల్ల అందలి జన్యుపదార్థమును నకలు వ్రాయవలెను. నకలు వ్రాయుటలో తప్పులు దొర్లుట సహజము. వ్రాయునది అరుదైనచో తప్పులును అరుదు. రాత్రింబవళ్ళు వాపుతో, విషముతో నిండిన చోట తొందరగా వ్రాయవలసి వచ్చినపుడు తప్పులు పెరుగును. ఆ తప్పులలో ఒకటి కణమునకు అంతులేకుండ విభజించు శక్తినిచ్చునది. మరియొకటి కణమును అదుపులో ఉంచు పి53 అను జన్యువును చెడగొట్టునది. ఇట్టివి కొన్ని ఒకే కణములో చేరినపుడు కాన్సరు ఆరంభమగును. మన పెద్దలు రాచపుండు, రాచకురుపు అని పిలిచిన వ్యాధి ఇదియే.

మొదట చెడునది నిద్రించు మూలకణమా, పనిచేయు సామాన్య కణమా అను వివాదము చాలకాలము సాగినది. కణములకు గుర్తుపెట్టి వాటి సంతానమును వెంబడించు పద్ధతులు వచ్చిన తరువాత ఎలుకలలో జరిగిన పరిశోధనలు, ఎక్కువ సందర్భములలో సామాన్య కాలేయ కణమే మొదట చెడుచున్నదని చూపినవి. అట్లని మూలకణముల కథ ముగియలేదు. చెడిన సామాన్య కణము తన వృత్తిని మరచి శిశుదశకు మరలి, మూలకణపు స్వభావమును తెచ్చుకొనుచున్నది. ఈ సంగతిని గట్టిగా గుర్తుంచుకొనవలెను. కాలేయ కాన్సరులో మూలకణ స్వభావము పుట్టుకతో వచ్చిన కులము వంటిది కాదు. అది కణము ఎత్తుకొనగల వేషము వంటిది.

ఇందుకు పాతదైన సాక్ష్యము ఒకటి కలదు. గర్భములోని శిశువు కాలేయము ఆల్ఫా ఫీటో ప్రోటీన్ అను పదార్థమును తయారుచేయును. పుట్టిన తరువాత అది క్రమముగా తగ్గి, పెద్దవారి రక్తములో లేశమాత్రముగా మిగులును. 1963లో మాస్కోలో ఆబెలెవ్ అను శాస్త్రజ్ఞుడు కాలేయ కాన్సరు గల ఎలుకల రక్తములో అది మరల కనబడుటను గుర్తించినాడు. 1964లో టాటారినోవ్ మనుష్యులలోను దానిని చూపినాడు. ఏబది ఏండ్ల వాని కాలేయములోని కణము గర్భస్థ శిశువు చేయు పనిని చేయుచున్నదన్నమాట! నేటికిని వైద్యులు ఈ పరీక్షను వ్రాయుచున్నారు. అయితే కాలేయ కాన్సరు గలవారందరిలోను ఇది పెరుగదు. పెరిగిన ప్రతివారికి కాన్సరు ఉండదు. కనుక దీనితోపాటు అల్ట్రాసౌండ్ పరీక్షయు అవసరము.

3. గడ్డి కోసినను గడ్డ మిగులును

మందు వేసిన తరువాత కాన్సరు తగ్గి మరల తిరుగబెట్టుట ఎందుచేత? ఈ ప్రశ్న చరిత్రలో మన తెలుగువాని పేరు కలదు. భీమవరములో 1895లో జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అమెరికా వెళ్ళిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు, లెడర్లే ప్రయోగశాలలో కాలేయములో దొరకు ఫోలిక్ ఆమ్లముపై పనిచేసినాడు. ఆయన బృందము ఆ ఆమ్లమునకు ఎదురు నిలుచు అమినోప్టెరిన్ అను మందును కూడ తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఈ మందును రక్త కాన్సరు గల 16 మంది పిల్లలకు ఇయ్యగా 10 మందిలో గుణము కనబడినదని 1948లో ప్రకటించినాడు. అంతకుముందు ఎన్నడును ఎరుగని విజయమది. కాని ఆ గుణము నిలువలేదు. కొంతకాలమునకు వ్యాధి తిరుగబెట్టినది. మందునకు దొరకక ఏవియో కణములు మిగిలినవి. సుబ్బారావు ఆ సంవత్సరము ఆగస్టులోనే కన్నుమూసినాడు. తరువాతివారు అనేక మందులను కలిపి ఇచ్చు పద్ధతిని కనిపెట్టుటచేత పిల్లలకు వచ్చు ఆ వ్యాధి నేడు చాలవరకు నయమగుచున్నది.

మిగిలిపోవు కణములు ఎట్టివి అను విషయముపై 1994లోను, 1997లోను కెనడాలోని టొరంటో నగరమున జాన్ డిక్ బృందము వెలుగు చూపినది. పెద్దవారికి వచ్చు ఒక తీవ్రమైన రక్త కాన్సరు కణములను ఎలుకలకు ఎక్కించి చూడగా, అన్ని కణములును వ్యాధిని పుట్టింపలేదు. గుర్తింపదగిన ఒక చిన్న తెగ కణములు మాత్రమే పుట్టించినవి. వీటికే కాన్సరు మూలకణములు అని పేరు. ఆ పిమ్మట కాలేయ కాన్సరులోను ఇట్టి కణములకై వెదకినారు. 2007, 2008 సంవత్సరములలో హాంకాంగ్ పరిశోధకులు సిడి133, సిడి90 అను గుర్తులు గల కణములను, 2009లో అమెరికాలో పనిచేయుచుండిన యమషితా మొదలగువారు ఎప్‌కామ్ అను గుర్తు గల కణములను వేరుచేసి, ఇవి కొద్ది సంఖ్యలోనే ఎలుకలలో గడ్డను పుట్టింపగలవని చూపినారు. 2010లో జపానులోని ఒసాకా శాస్త్రజ్ఞులు సిడి13 అను గుర్తు గల కణములు విభజింపక నిద్రించుచు, మందుల దెబ్బను తప్పించుకొనుచున్నవని చూపినారు.

పొలములో తుంగ పెరిగినపుడు పైగడ్డి కోసినంత మాత్రమున పని ముగియదని రైతులకు తెలియును. నేలలోని గడ్డ మిగిలిన వాన పడగానే తుంగ మరల లేచును. పాతకాలపు కాన్సరు మందులు చురుకుగా విభజించు కణములను చంపును. నిద్రించు కణము విభజింపదు గనుక మందునకు చిక్కదు. పైగా ఈ కణములకు లోనికి వచ్చిన మందును వెలికి తోడివేయు యంత్రాంగమును, చెడిన జన్యుపదార్థమును చక్కబెట్టుకొను నేర్పును ఎక్కువ. అంతేకాదు, ఉన్న మూలకణములను చంపినను, మిగిలిన సామాన్య కాన్సరు కణములలో కొన్ని తిరిగి ఆ వేషమును ధరింపగలవు. కనుకనే "ఈ కణములను చంపు ఒక మందు కనుగొన్న చాలును" అను మొదటి ఆశ ఇంకను నెరవేరలేదు.

కాలేయములో మరియొక చిక్కు కలదు. గడ్డను కోసి తీసిన తరువాత అయిదేండ్లలో సుమారు నూటికి 70 మందిలో వ్యాధి మరల కనబడుచున్నది. అందులో కొన్ని పాత గడ్డ నుండి మిగిలిన కణములవలన వచ్చినవి. కొన్ని క్రొత్తవి, మచ్చలు కట్టిన ఆ కాలేయములోనే మరియొకచోట పుట్టినవి. విత్తనమును తీసివేసినను నేల చెడియే ఉన్నది. అందువలన గడ్డ చిన్నదైనపుడు కాలేయమునే మార్చుట శ్రేష్ఠమైన చికిత్సలలో ఒకటి. విత్తనము, నేల రెండును ఒకేసారి తొలగును. 1996లో ఇటలీలోని మిలాన్ నగర వైద్యులు దీనికి హద్దు చూపినారు: గడ్డ ఒక్కటైనచో 5 సెంటీమీటర్లు మించరాదు, మూడింటి వరకు ఉన్నచో ఏదియు 3 సెంటీమీటర్లు మించరాదు. ఆ హద్దులోని వారిలో నూటికి 75 మంది నాలుగేండ్ల తరువాత జీవించియున్నారు. తమిళనాడులో మరణించిన దాతల అవయవములను వరుసక్రమమున రోగులకు పంచు ప్రభుత్వ ఏర్పాటు 2008 నుండి నడచుచున్నది.

హద్దు దాటిన తరువాత దారి ఇరుకగును. సొరాఫెనిబ్ అను మాత్ర ముదిరిన వ్యాధిలో ఆయువును 7.9 నెలల నుండి 10.7 నెలలకు పెంచినదని 2008లో ప్రకటించినారు. శరీరపు రక్షణశక్తిని మేల్కొలుపు మందును, గడ్డకు రక్తము అందకుండ చేయు మందును కలిపి ఇచ్చు క్రొత్త పద్ధతిలో అది 19.2 నెలలైనది. ఇది అభివృద్ధియే, కాదనలేము. కాని గడ్డ చిన్నదిగా ఉన్నపుడు కనుగొని చేయు చికిత్సకును, ముదిరిన తరువాత చేయు చికిత్సకును గల అంతరము ఏ మందుతోను పూడలేదు.

4. మద్రాసులో జరిగిన ఒక పరీక్ష

విత్తనమును వెదకుట అంత కష్టమైనపుడు, నేలను చెడగొట్టు కారణమును ముందే ఆపరాదా? ఈ ఆలోచన మన నగరములోనే ఒక ముఖ్యమైన పరిశోధనకు దారితీసినది.

హెపటైటిస్ బి క్రిమిని కనుగొన్నవాడు అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లంబర్గ్. ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తములో ఆయన చూచిన క్రొత్త పదార్థము ఈ క్రిమి పైపొర అని తరువాత తేలినది. ఆయనకు 1976లో నోబెల్ బహుమతి లభించినది. 1981లో బీస్లీ అను వైద్యుడు తైవానులో 22,707 మంది పురుష ఉద్యోగులను పరిశీలించి, ఈ క్రిమి రక్తములో నిలిచినవారికి లేనివారికంటె కాలేయ కాన్సరు ప్రమాదము 223 రెట్లు ఎక్కువ అని చూపినాడు. ఒక క్రిమికిని ఒక కాన్సరునకును ఇంత గాఢమైన సంబంధము అరుదు.

మన పల్లెలలో పచ్చకామెర్లకు నేల ఉసిరి పసరు ఇచ్చుట అనాదిగా ఉన్నది. చెన్నైలో తమిళులు దీనినే కీళానెల్లి అందురు. మద్రాసు విశ్వవిద్యాలయములోని ఆచార్య ఎస్. పి. త్యాగరాజన్, బ్లంబర్గ్ మొదలగువారితో కలిసి ఈ మొక్కను శాస్త్రీయముగా పరీక్షించినాడు. 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితము ప్రకారము, నేల ఉసిరి చూర్ణము 30 దినములు తీసికొన్న 37 మందిలో 22 మందికి రక్తములో క్రిమి గుర్తు కనబడకుండ పోయినది. ఉత్తుత్తి మందు తీసికొన్న 23 మందిలో ఒక్కనికే పోయినది. లోకమంతయు మద్రాసు వైపు చూచినది. కాని ఇతర దేశములలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితము కనబడలేదు. నేటికిని హెపటైటిస్ బికి నేల ఉసిరి నిర్ధారితమైన మందు కాదు.

ఇందుచేత ఆ పరిశోధన వ్యర్థమని తలపరాదు. అందులో ఒక గొప్ప మర్యాద కలదు. మందు తీసికొన్నవారిని తీసికొననివారితో పోల్చినారు; లెక్కలను బహిరంగముగా ప్రకటించినారు; ఇతరులు పరీక్షించుటకు వీలు కల్పించినారు. నిలువని సంగతి నిలువలేదని లోకమునకు తెలిసినది. ఏ క్రొత్త వైద్యమునైనను కొలువవలసిన కొలబద్ద ఇదియే.

5. నిలిచిన ఉపాయము: టీకా

క్రిమి రక్తములో స్థిరపడిన తరువాత దానిని పూర్తిగా వెడలగొట్టుట కష్టము. అదుపులో ఉంచు మందులు మాత్రము నేడు కలవు. మొదటనే అడ్డుకొనుట సులభము. పుట్టిన సమయమున తల్లి నుండి క్రిమి సోకిన శిశువులలో నూటికి సుమారు 90 మందిలో అది జీవితాంతము నిలుచును. పెద్ద వయస్సులో సోకినవారిలో నూటికి అయిదుగురికంటె తక్కువమందిలో నిలుచును. కావుననే పుట్టిన 24 గంటలలోపల టీకా వేయవలెనని వైద్యులు పట్టుబట్టుచున్నారు.

తైవాను దేశము 1984లో శిశువులకు ఈ టీకా ప్రారంభించినది. 6 నుండి 14 ఏండ్ల పిల్లలలో కాలేయ కాన్సరు అంతకుముందు లక్షకు 0.70 ఉండగా, 1990–94 నాటికి 0.36కు తగ్గినదని 1997లో ప్రకటించినారు. ఒక టీకా ఒక కాన్సరును తగ్గించినదని లోకమునకు తెలిసినది ఆ నాడే.

అదే 1997లో మన తెలుగునాట ఒక మంచి పని జరిగినది. నెల్లూరు జిల్లాకు చెందిన ఇంజనీరు కె. ఐ. వరప్రసాద్ రెడ్డి తన తల్లి పేర హైదరాబాదులో 1993లో శాంతా బయోటెక్నిక్స్ సంస్థను స్థాపించి, మన దేశములోనే హెపటైటిస్ బి టీకాను తయారుచేసి విడుదల చేసినాడు. అంతవరకు విదేశముల నుండి వచ్చు టీకా సామాన్యులకు అందని ధరలో ఉండెను. మొదటి టీకాలు క్రిమి సోకిన మనుష్యుల రక్తము నుండి తీసినవి. ఇది ఈస్టు కణములలో పెంచిన ప్రోటీనుతో చేసినది, దానిలో క్రిమి ఉండదు. దేశములో తయారైనందున ధర బాగుగా దిగివచ్చినది. ప్రభుత్వ టీకాల పథకములో ఇది 2002లో కొన్నిచోట్ల ప్రారంభమై, 2011 తరువాత దేశమంతటికి వ్యాపించినది. కాలేయ కాన్సరుపై పోరాటములో తెలుగువారి చేతిమీదుగా జరిగిన మిక్కిలి ప్రయోజనకరమైన పని ఇదియేనని చెప్పవచ్చును.

6. మూలకణముల అంగడి

ఇక మొదట చెప్పిన ప్రకటనల సంగతి. కాలేయము పనిచేయక పోయినపుడు బయటి కణములను ఎక్కించి ఆదుకొనవచ్చునా అను పరిశోధన నిజముగానే జరుగుచున్నది. హైదరాబాదులో డాక్టర్ సి. ఎం. హబీబుల్లా బృందము గర్భస్థ శిశువుల నుండి తీసిన కాలేయ కణములను, తీవ్రముగా కాలేయము చెడిన రోగులకు ఎక్కించిన ప్రయత్నమును 1994లోనే ప్రకటించినది. ఇట్టి కణములు ఎక్కడినుండి తేవలెను, తెచ్చుట ధర్మమా అను ప్రశ్నలు దానితోపాటు వచ్చినవే. అవి కాలేయ వైఫల్యమునకు చేసిన ప్రయోగములు. కాన్సరునకు చేసినవి కావు.

కాన్సరులో మూలకణ స్వభావము వ్యాధికి బలమని పైన చూచితిమి. అట్టిచోట పెరుగుదలను ప్రేరేపించు కణములను ఎక్కించిన, అవి గడ్డకు తోడ్పడవచ్చునను భయము పరిశోధకులలో కలదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము, మజ్జ మార్పిడితో నయమగు రక్త సంబంధ వ్యాధులు మొదలైన కొన్ని నిర్ణీత వ్యాధులు తప్ప మిగిలినవాటికి మూలకణములు ఎక్కించుట అనుమతి పొందిన పరిశోధనగా మాత్రమే జరుగవలెను. వ్యాపారముగా జరుగరాదు.

కనుక ఎవరైనను ఈ వైద్యము చెప్పినపుడు గృహస్థు మూడు ప్రశ్నలు అడుగవలెను. ఒకటి: ఈ పరిశోధన భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైనదా? నమోదైనచో ఆ సంఖ్య ఏది? రెండు: నైతిక పరిశీలక సంఘము అనుమతించిన పత్రము మాకు అర్థమగు భాషలో ఇయ్యగలరా? మూడు: పరిశోధన అయినచో మావద్ద సొమ్ము ఎందుకు తీసికొనుచున్నారు? ఈ మూడింటికి తిన్నని జవాబు రానిచోట సొమ్ము కట్టవలదు. రోగికి మిగిలిన కొద్ది కాలమును, కుటుంబమునకు మిగిలిన కొద్ది ధనమును కాపాడుటయు ధర్మమే.

7. ఇంటిలో చేయదగినవి

"మా ఇంట మద్యము ముట్టము, మాకు కాలేయవ్యాధి రాదు" అని కొందరు నిశ్చింతగా ఉందురు. మద్యము ముట్టకుండుట గొప్ప రక్షణయే. కాని హెపటైటిస్ బి క్రిమికి ఆచారము తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2022లో మన దేశములో సుమారు 2 కోట్ల 98 లక్షలమంది రక్తములో ఈ క్రిమి ఉన్నది. వారిలో చాలమందికి ఆ సంగతి తెలియదు. తీపి, నేయి, నూనె వంటకములు మిక్కుటమై, నడక తక్కువై, మధుమేహము ప్రబలిన నగర జీవితములో మద్యము లేకుండనే క్రొవ్వు చేరి కాలేయము చెడుట కూడ పెరుగుచున్నది.

పెద్దవారు ఒక్కసారి రక్తములో హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించుకొనవలెను. బి లేనివారు, మునుపు టీకా పొందనివారు మూడు మోతాదుల టీకా వేయించుకొనవచ్చును. సి ఉన్నచో సాధారణముగా 12 వారముల మాత్రలతో నయమగును. ఆ మందులను 2015 నుండి హైదరాబాదు సంస్థలు కూడ తయారుచేయుచున్నవి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ పథకము క్రింద ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్షలు, మందులు ఉచితము.

హెపటైటిస్ బి నిలిచి ఉన్నవారిలో వైద్యుడు సూచించినవారు, సిరోసిస్ ఉన్నవారందరు ఆరు నెలలకు ఒకమారు అల్ట్రాసౌండ్ పరీక్ష తప్పక చేయించుకొనవలెను. గడ్డ నిమ్మకాయంత కాకమునుపే పట్టుకొనుట ఇందలి ఉద్దేశము. నొప్పి వచ్చినపుడు చూచుకొందమనుట తగదు. నొప్పి వచ్చునప్పటికి వ్యాధి తరచుగా ముదిరియుండును.

బూజు పట్టిన, రంగు మారిన, ముడుచుకొన్న వేరుశనగ గింజలను వాడరాదు, ఏరి పారవేయవలెను. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్ళు చచ్చినపుడు, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో అఫ్లాటాక్సిన్ అను బూజు విషము బయటపడినది. వేయించినను ఈ విషము పూర్తిగా పోదు. హెపటైటిస్ బి ఉన్నవారికి ఇది మరింత ప్రమాదము.

చివరిది సంఘమునకు సంబంధించినది. సంబంధము తప్పిపోవునేమో అను భయముతో హెపటైటిస్ బి సంగతిని దాచు కుటుంబములు కలవు. ఈ క్రిమి రక్తముచేత, తల్లి నుండి బిడ్డకు, దాంపత్యముచేత, ఒకరి సూదిగాని మంగలికత్తిగాని మరియొకరు వాడుటచేత సోకును. ఒకే పంక్తిలో భోజనము చేయుటచేత, ఒకే ఇంట నివసించుటచేత, చేయి కలుపుటచేత సోకదు. వధువునకు గాని వరునకు గాని ముందే టీకా వేయించి వివాహము నిశ్చింతగా జరుపవచ్చును. గర్భిణికి పరీక్ష చేయించి, శిశువునకు మొదటి దినముననే టీకాయు, వైద్యుడు చెప్పిన ఇతర రక్షణయు ఇప్పించిన, వంశములో ఆ క్రిమి అక్కడితో ఆగిపోవును. దాచుటవలన జరుగునది ఒక్కటే: క్రిమి మరియొక తరమునకు చేరును.

అడయారులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో 1954లో 12 పడకలతో కాన్సరు ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైన నాడు కాన్సరు అనగా మరణమే అని జనులు తలచెడివారు. కొన్ని కాన్సరుల విషయమున ఆ మాట నేడు చెల్లదు. కాలేయ కాన్సరు విషయమునను, అది రాకుండ చేయగలిగిన మేరకును, వచ్చినను చిన్నదిగా ఉండగనే పట్టుకొనిన మేరకును ఆ మాట చెల్లదు. మూలకణమును జయించు మందు ఒకనాడు రావచ్చును. కాలేయమును కాపాడుకొనుటకు ఆ దినము వరకు వేచియుండనవసరము లేదు. టీకా ఉన్నది, పరీక్ష ఉన్నది. ఈ సంవత్సరమే మన ఇండ్లలో ఎవరికి టీకా పడినది, ఎవరికి పడలేదు అని లెక్క చూచుకొనినచో ఈ వ్యాసము వ్రాసిన ప్రయోజనము నెరవేరినట్లే.